పదిహేను పాయింట్ల పర్తీదా

మలిగాయ పేటలో గోతో అమ్మే కులాస్‌కి ఆ ఏడాదంతా పేరులో ఉన్న కులాసా మనసులో లేదు. ఒంట్లో బాగానే ఉంది, బేరం ఇంకా బాగుంది. గొడ్డు పేగులూ అల్లమూ వేసి కాచిన ఆ బియ్యపు జావ కోసం తెల్లారేసరికి బండి చుట్టూ జనం మూగుతారు. అతని బాధంతా బావమరిదితో. ఆ బావమరిది అడోర్ ఏటికి అవతలి పంటలాన్ పేటవాడు, అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకి నాయకుడు. వాడు అక్క గడప తొక్కి ఏడాది కావస్తోంది.

ఇంతకీ కులాస్ చేసిన పాపం ఏమిటయ్యా అంటే, బంతి బుట్టలో వేశాడు.

కిందటేడు తిరునాళ్ల పోటీల ఫైనల్లో జరిగిందది. జట్టుకి పన్నెండు పేర్లు ఇవ్వాలన్నారు, మలిగాయకి పదకొండు మందే దొరికారు. నీళ్లసీసాలూ తువ్వాళ్లూ మోసేవాడు ఎలాగూ ఒకడు కావాలి కదా అని కులాస్ పేరు రాసి పడేశారు. నలభై ఏడేళ్ల మనిషి, గోతో రుచి చూసీ చూసీ పెరిగిన బొజ్జ. దాని మీదికి ఎర్ర బనీను తొడిగారు. ఆ బనీను వెనక పేట పెద్ద రుఫో మొహం అచ్చేసి ఉంది, బనీన్లు కొనిచ్చింది ఆయనే కాబట్టి. పేట పెద్దని అక్కడ అందరూ కాప్ అంటారు.

ఆ రోజు మలిగాయ ముప్పై పైచిలుకు పాయింట్లు ముందుంది. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా జనానికి తిక్క పుట్టి, గోతో, గోతో అని అరవడం మొదలెట్టారు. కాప్ రుఫో లేచి చెయ్యి ఊపాడు. కులాస్‌ని లోపలికి తోశారు. అతన్ని కాయాల్సినవాడు అడోర్. ఈ బొజ్జాయన్ని నేను కాయడమేమిటి అన్నట్టు వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు. ఎవడో బంతి అందించాడు. కులాస్ కళ్లు మూసుకుని పైకి విసిరాడు. అది రింగు వెనక బల్లకి తగిలి, రింగు మీద తిరిగి తిరిగి, లోపల పడింది.

ఇక చూడాలి. మేయరుగారితో సహా అందరూ కుర్చీలు ఎక్కారు. కులాస్‌ని భుజాల మీద ఊరేగించారు. సాయంత్రానికి ఆ వీడియో చూడని ఫోను లేదు. కాప్ రుఫో అంతటితో ఊరుకుంటేగా. ఏటి వంతెన దగ్గర ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. బొమ్మలో కులాస్ ఎగురుతున్నాడు, దాన్ని ఎగరడం అనగలిగితే. పక్కన అడోర్ నడుం మీద చేతులేసుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. కింద ‘గోతో వేడివేడిగా’ అని రాయించారు. పంటలాన్ వాళ్లు బజారుకి రావాలంటే ఆ వంతెనే దిక్కు. అడోర్ పనిచేసేది చేపల రేవు పక్క ఐసు ఫ్యాక్టరీలో. చేపలమ్మే ఆడవాళ్లు సైతం వాణ్ణి చూసి, ఏరా అబ్బాయ్, గోతో తాగావా అని అడిగేవారు.

ఆ నవ్వులో సగం తన మీదేనని కులాస్‌కి భుజాల మీద ఊరేగుతున్నప్పుడే తెలిసింది. తెలిసి ఏం లాభం, చెప్పుకుంటే ఇంకా నవ్వుతారు. నాలుగు నెలలయ్యాక కాప్ ఆ ఫ్లెక్సీని విప్పించి, బండికి నీడగా ఉంటుంది తీసుకో అని అతనికే బహుమానంగా ఇచ్చాడు. కాప్ ఇస్తే వద్దనడం ఎలా? బొమ్మ ఉన్న వైపు ఆకాశం వైపుకి తిప్పి కట్టుకున్నాడు. ఎండ కాస్తే కింద కూర్చున్నవాళ్లకి ఇద్దరూ నీడల్లా కనిపించేవారు.

నిజానికి అడోర్ అంటే కులాస్‌కి ప్రాణం. వాడి అక్క లూమింగ్‌ని పెళ్లి చేసుకోవాలని పంటలాన్ చుట్టూ తిరిగే రోజుల్లో ఆ ఇంటి కాపలాదారు పదేళ్ల అడోరే. పెరట్లో కొబ్బరిచెట్టుకి కొట్టిన రింగు దగ్గర వాడితో ఆడితే తప్ప గుమ్మంలోకి రానిచ్చేవాడు కాదు. ఒకసారి కులాస్, పిల్లాడు సంతోషిస్తాడులే అని కావాలని ఓడిపోయాడు. వాడు కనిపెట్టి, బంతి తీసి అతని ముక్కు మీద కొట్టి, నిజంగా ఆడు బావా అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ముక్కు ఇప్పటికీ కొంచెం వంకరే.

అలాంటివాడు ఇప్పుడు మొహం చాటేశాడు. సరే, కాలం గడిస్తే అదే చల్లారుతుంది అనుకున్నాడు కులాస్. కానీ చల్లారేదాకా ఆగే వీలు లేకపోయింది. పెళ్లయిన పదహారేళ్లకి వాళ్లకి కొడుకు పుట్టాడు. బిడ్డకి జ్ఞానస్నానం చేయించాలంటే నినోంగ్‌గా, అంటే జ్ఞానతండ్రిగా, ఒకరు నిలబడాలి. నా తమ్ముడు తప్ప ఇంకెవడూ నిలబడడానికి వీల్లేదు అని లూమింగ్ భీష్మించుకుంది.

ఇక్కడో పేచీ ఉంది. నినోంగ్‌గా ఉండమని అడిగితే కాదనకూడదు. కాదంటే బిడ్డకి కీడు. ఆ సంగతి అడోర్‌కీ బాగా తెలుసు. అందుకని వాడు కాదనలేదు, అసలు అడగనివ్వలేదు. అక్క వంతెన దిగుతోందని తెలిస్తే పెరటిదారిన పరారీ. ఐసు ఫ్యాక్టరీకి వెళితే చలిగదిలో దూరి తలుపేసుకున్నాడు. లూమింగ్ బయట కూర్చుని చూసీ చూసీ, వాడు లోపల గడ్డకట్టి చస్తాడేమోనని భయపడి తనే తిరిగొచ్చింది. ఫోన్లో అడిగితే చెల్లదు, ఎదురుపడి నోటితో అడగాలి. ఇలా ఉండగా పిల్లాడికి పళ్లొచ్చాయి. ఫాదరుగారు లూమింగ్‌ని ఆపి, వీడు చర్చికి తన కాళ్ల మీద నడిచొస్తాడా ఏమిటమ్మా అని అడిగాడు.

ఈ స్థితిలో మళ్లీ తిరునాళ్లు వచ్చాయి, మళ్లీ ఫైనల్‌కి ఆ రెండు పేటలే వచ్చాయి.

ఫైనల్‌కి వారం ముందు బాస్కెట్‌బాల్ కోర్టులో పందెం కుదుర్చుకోవడం ఆనవాయితీ. పేటకొక పంది. గెలిచినవాళ్లు రెండింటినీ కాల్చి తిరునాళ్ల విందు పెట్టుకుంటారు, ఓడినవాళ్లు వాసన పీలుస్తారు. ఎవరు బలమైన జట్టో వాళ్లు అవతలివాళ్లకి కొన్ని పాయింట్లు ముందే వదిలేసుకోవాలి. దాన్నే పర్తీదా అంటారు. అది ఎంతన్నది పందేనికే తప్ప కప్పుకి పట్టదు. ఇదంతా లెక్క ప్రకారం తేలాల్సిన వ్యవహారం. కానీ చేతిలో మైకూ ఎదురుగా జనమూ ఉంటే లెక్కలు ఎవడికి గుర్తుంటాయి?

మలిగాయ కోచ్ డెల్ఫిన్ తెలివైనవాడు. కాప్ చెవి దగ్గర చేరి, దెబ్బతిన్నవాళ్లు కాప్, ఏడాదంతా తలవంపులు పడ్డవాళ్లు, ఈసారి ప్రాణం పెట్టి ఆడతారు, ఎనిమిది ఇస్తే చాలు అని చెప్పాడు. అవతల పంటలాన్ పెద్దాయన నెమ్మదైన మనిషి. నెమ్మదిగానే అడిగాడు, కిందటేడు ముప్పై తేడాతో కొట్టారు కదా, ఈసారి ఎంతిస్తారో దయచెయ్యండి అని. ఆ ‘ముప్పై’ వినగానే జనం ఈలలు వేశారు. కాప్ రుఫోకి ఛాతీ పొంగింది. మైకు లాక్కుని పదిహేను అనేశాడు. డెల్ఫిన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అటువైపు అడోర్ మొహం కందగడ్డైంది. “ముష్టి పాయింట్లు నాకొద్దు తాతా. సమానంగా ఆడతాం,” అన్నాడు.

పంటలాన్ పెద్దాయన వాడి భుజం తట్టి, “పరువు నీది, పంది పేటది. నోర్మూసుకో,” అని కాప్ రుఫో చేతిలో చెయ్యి కలిపేశాడు.

ఆ వారమంతా కులాస్ బండి దగ్గర ఇదే చర్చ. పందెం కాసేవాడు ఆటగాళ్ల కాళ్లు చూడాలి, భుజాలు చూడాలి. మనవాళ్లు ఎవడి మొహం ఎంత మాడిందో చూసి కాస్తారు. పంటలాన్ వాళ్ల కడుపుమంట పది పాయింట్లకి సమానం అని ఒకడంటే, ఆ మంటతో మొదటి సగంలోనే పరిగెత్తి పరిగెత్తి రెండో సగంలో కూలబడతారు అని ఇంకొకడు. కులాస్ గరిటె తిప్పుతూ వినేవాడు. అతనికి పందితో పనిలేదు.

ఫైనల్ నాటి పొద్దున లూమింగ్ ఎర్ర బనీను ఉతికి ఇస్తూ చేతిలోనే పట్టుకుని ఆగింది. “ఈసారి నువ్వు లోపలికి అడుగుపెట్టావంటే నా బిడ్డకి మేనమామ లేనట్టే. చెప్తున్నా,” అంది. కులాస్ తిన్నగా డెల్ఫిన్ దగ్గరికి పోయి తన పేరు తీసెయ్యమన్నాడు. పేర్లు ఇచ్చేశాం, ఇప్పుడు కుదరదు, అయినా నిన్ను ఆడించడానికి నాకేమైనా పిచ్చా అన్నాడు డెల్ఫిన్. ఆ మాట పట్టుకుని కులాస్ నీళ్లసీసాలు ఎత్తుకుని వెళ్లాడు.

ఆట అందరూ చెప్పుకున్నట్టే సాగింది. పంటలాన్ కుర్రాళ్లు మొదటి నుంచీ మీద పడిపోయారు. కింద పడ్డారు, మోకాళ్లు గీరుకున్నారు, లేచి మళ్లీ పరిగెత్తారు. అడోర్ అయితే బంతి కోసం కుర్చీల్లోకి దూకి ఎవరిదో సోడా మీద పోసుకుని మరీ వచ్చాడు. మూడో భాగం అయ్యేసరికి మలిగాయ ఆధిక్యం నాలుగే. కాప్ రుఫో విసనకర్ర ఆపి గోళ్లు కొరుక్కున్నాడు. ఆ తర్వాత పంటలాన్ వాళ్ల కాళ్లు బరువెక్కాయి. వేసిన షాట్లు రింగు అంచు దాకా కూడా పోవడం లేదు. మలిగాయ తీరుబడిగా ఒక్కొక్కటే వేసుకుంటూ, చివరి నిమిషం వచ్చేసరికి పదిహేడు పాయింట్లు ముందుకి పోయింది.

కప్పు ఖాయం. పదిహేను పోగా ఇంకా రెండు మిగిలాయి కాబట్టి పంది కూడా ఖాయం. బంతిని చేతిలో పెట్టుకుని నిమిషం గడిపితే చాలు. డెల్ఫిన్ కుర్రాళ్లకి అదే సైగ చేస్తున్నాడు. అప్పుడు మొదలైంది వెనక నుంచి, గోతో, గోతో అని.

కులాస్ నీళ్లసీసాల పెట్టె వెనక్కి జరిగాడు. కాప్ రుఫో లేచాడు. డెల్ఫిన్ వెళ్లి చేతులు పట్టుకున్నాడు, రెండే పాయింట్లు ఎక్కువున్నాం కాప్, ఈ ఒక్క నిమిషం ఊరుకోండి అని బతిమాలాడు. కాప్ వినలేదు. “బనీన్లు ఎవరు కొన్నారు?” అని మాత్రం అడిగాడు. మైకులో వ్యాఖ్యానం చెప్పే మలిగాయ మనిషి పింగ్ అప్పటికే కులాస్ పేరు సాగదీసి పిలిచేస్తున్నాడు.

బెంచీ మీదున్నవాళ్లు అతన్ని రెక్క పట్టుకుని లేపారు. లోపలికి వెళుతూ కులాస్ ఆడవాళ్ల వైపు చూశాడు. లూమింగ్ పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. ఆమె కోపంగా లేదు. ఏడుస్తోంది. దానికన్నా కోపమే నయం అనిపించింది అతనికి.

అడోర్ అతన్ని కాయడానికి తనే వచ్చాడు. వాడి బొటనవేళ్ల నుంచి నెత్తి దాకా చెమట. కిందటేడులా నడుం మీద చేతులు లేవు, రెండు చేతులూ చాచి వంగి నిలబడ్డాడు. మలిగాయ కుర్రాళ్లకి ఇప్పుడు ఆట అక్కర్లేదు, కులాస్ చేత వేయించి వీడియో తీయించుకోవాలి. బంతి దాచుకోవడం మానేసి అతని వైపు గుడ్డిగా బంతి విసిరారు. పంటలాన్ కుర్రాడొకడు మధ్యలో దొరకబుచ్చుకుని ఒక్క పరుగున పోయి వేసేశాడు. తేడా పదిహేనైంది. అంటే పందెం లెక్కలో ఇద్దరూ సమానం. ఇలాగే ముగిస్తే ఎవరి పంది వాళ్లకే. కాప్ రుఫో మొహంలో నవ్వు పోయింది. వేసెయ్, వేసెయ్ అని ఇప్పుడు ఆయనే అరుస్తున్నాడు, వేడుకకి కాదు, పంది కోసం.

మళ్లీ బంతి వచ్చింది, ఈసారి తిన్నగా కులాస్ చేతుల్లోకి. అతను రింగుకి దగ్గర్లోనే ఉన్నాడు. ఎదురుగా రెండడుగుల దూరంలో అడోర్. ఇంకెవరూ లేరు.

ఇది లోపల పడిందా, వీడు ఇక ఈ జన్మకి వంతెన దాటడు. కులాస్ మనసులో ఉన్నది అదొక్కటే. కప్పు ఎలాగూ వచ్చింది, పంది పోతే పోనీ అనుకున్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి, బంతిని అడోర్‌కి అందించబోయాడు. చూసేవాళ్లకి తడబడ్డాడు అనిపిస్తుంది, అంతే.

అడోర్ ముట్టుకోలేదు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. “అడుక్కోవడానికి రాలేదు బావా నేను,” అన్నాడు, ఆయాసంతో ముక్కలు ముక్కలుగా. “వెయ్యి. నిజంగా వెయ్యి. కిందటేడు నిలబడిపోయింది నేను. తప్పు నాది. ఈసారి ఆపుతా.”

కులాస్ వంకర ముక్కు ఒక్కసారి జివ్వుమంది. కొబ్బరిచెట్టు కింద ఏడ్చిన పిల్లాడే ఎదురుగా ఉన్నాడు. పద్దెనిమిదేళ్లయినా వాడికి కావాల్సింది మారలేదు. జాలి చూపిస్తే వాడికి కొట్టినట్టే. సరే అయితే, కాచుకో అనుకున్నాడు కులాస్. ఈసారి కళ్లు మూసుకోలేదు. మోకాళ్లు వంచి, ఒంట్లో ఉన్న బలమంతా మణికట్టులోకి తెచ్చి, పడాలనే వేశాడు. వేసిన చేతికి తెలుస్తుంది కదా, అది పడే షాటే.

అడోర్ ఎగిరాడు. ఆ అలిసిపోయిన కాళ్లకి అంత ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికే తెలియాలి. కుడిచెయ్యి చాచి, పైకి లేస్తున్న బంతిని వేళ్ల కొసలతో ఫెడీమని కొట్టాడు. బంతి పోయి ఆడవాళ్ల మధ్యలో పడింది. ఆట అయిపోయిందని బూర మోగింది. రెండు పేటలవాళ్లూ ఒకేసారి లేచారు. పింగ్ తను ఎవరి మనిషో మర్చిపోయి, అడోర్ పేరు చెప్పి గొంతు చించుకున్నాడు. ఆ గోలలో అడోర్ చెయ్యి కడుపుకి అదుముకుని, బావ వైపు చూడకుండా, తన వాళ్లలోకి వెళ్లిపోయాడు.

కప్పు మలిగాయకి వచ్చింది. కానీ ఊరేగింపు లేదు. కాప్ రుఫో తిన్నగా కులాస్ దగ్గరికి వచ్చి, “బావమరిదికి పంది దానం చేశావన్నమాట. బంతి అందివ్వబోవడం నేను చూళ్లేదనుకున్నావా?” అన్నాడు. పది మందిలో అన్నాడు. ఆ మాట ఇంటికి చేరేలోపే పేటంతా పాకింది. కాప్ డాబు వల్ల పంది పోయిందని ఎవరూ అనలేదు. అమ్ముడుపోయాడని కులాస్‌నే అన్నారు. నిజంగానే వేశానని అతను ఒకరిద్దరికి చెప్పబోయాడు. బంతి అందించబోయిన మాట కూడా నిజమే కాబట్టి మధ్యలోనే వదిలేశాడు.

మర్నాడు ఆదివారం. గోతో కుండ నిండుగా ఉంది, బండి దగ్గర పిట్ట లేదు. రోజూ వచ్చేవాళ్లంతా ఎదురుగా రొట్టెల కొట్టు ముందు కాప్ రుఫో చుట్టూ కూర్చుని, ఇటే చూస్తూ కాఫీ తాగుతున్నారు. లూమింగ్ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని అల్లం తరుగుతోంది. అంత అవమానం కులాస్ ఎప్పుడూ పడలేదు. కిందటేడు బొజ్జ చూసి నవ్వారు, అది వేరు. ఇప్పుడు దొంగని చూసినట్టు చూస్తున్నారు.

అప్పుడు వంతెన మీద నుంచి అడోర్ దిగాడు. ఒక్కడే. రొట్టెల కొట్టు వైపు చూడకుండా వచ్చి బండి ముందు బల్ల మీద కూర్చున్నాడు. తలెత్తి పైన ఫ్లెక్సీ చూశాడు. ఎండకి బొమ్మలోని తన నీడ నడుం మీద చేతులేసుకుని కనిపిస్తోంది. తల దించి, గోతో పొయ్యమన్నాడు.

కులాస్ పోశాడు. అడోర్ ఎడమచేత్తో చెంచా తీసుకున్నాడు, జావ సగం గడ్డం మీదికి కారింది. కుడిచెయ్యి బల్ల కింద ఉంది.

“ఆ చెయ్యేమైందిరా?” అంది లూమింగ్.

వాడు చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. మధ్యవేలు అరటిపండంత లావున వాచి, నల్లగా కమిలి, రెండు ఐస్‌క్రీం పుల్లల మధ్య గుడ్డతో కట్టి ఉంది. కొట్టు ముందున్నవాళ్లు మెడలు సాచారు. అడోర్ అటు తిరగలేదు గానీ, అటు వినపడేట్టే అన్నాడు. “విరగలేదంట, కీలు తప్పిందంట. నువ్వు వేసిన బంతికి, బావా. రాత్రంతా సలుపు. దానం చేసే చెయ్యి అంత గట్టిగా వెయ్యదు. ఎవడికైనా అనుమానం ఉంటే వచ్చి ముట్టుకుని చూసుకోమను.”

ఎవరూ రాలేదు. కొంతసేపటికి డెల్ఫిన్ లేచి రోడ్డు దాటి వచ్చి, ఆ వేలు చూసి, తనకీ ఒక గిన్నె పొయ్యమన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. కాప్ రుఫో కాఫీ కప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు.

కులాస్‌కి కళ్లు నిండాయి. పొగ అని తుడుచుకున్నాడు. ఇంకొంచెం పేగులు వెయ్యనా అన్నాడు. వెయ్యమన్నాడు అడోర్. వేయించుకుని, చెంచా పక్కన పెట్టి, అక్క వైపు తిరిగాడు.

“ఏమే అక్కా. ఏడాది పొడుగునా ఏదో అడగాలని నా వెంట పడ్డావు. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే అడగవేం?”

లూమింగ్ చెయ్యి కడుక్కుంది. పిల్లాణ్ణి తెచ్చి తమ్ముడి ఒళ్లో పెట్టి, ఎదురుగా నిలబడి, అందరూ వింటుండగా, నా బిడ్డకి నినోంగ్‌గా ఉంటావా అని అడిగింది.

అడోర్ వాచిన వేలు పిల్లాడి నోటికి అందకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

“అడిగితే కాదనకూడదు కదా,” అన్నాడు.